జాంబియా మార్కెట్లో సముద్రం చేప: ఎక్కడిది, ఎలా వస్తోంది, తినొచ్చా?

కొత్తవలస_రాజు
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఉద్యోగం మీద జాంబియాలో కిట్వే అనే ఊరికి వచ్చాను. చిసోకోనే మార్కెట్లో ఒక వరస మొత్తం డీప్ ఫ్రీజర్లే, వాటి నిండా వెండి రంగు చేపలు, గడ్డకట్టి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. అడిగితే "మాకెరెల్, సముద్రం చేప" అన్నారు. ఈ దేశం చుట్టూ ఎనిమిది దేశాలున్నాయి, సముద్రం మాత్రం ఏ వైపూ లేదు. పైగా టాంగన్యీకా, మ్వేరు, బాంగ్వేలు, కరీబా అని అంతంత పెద్ద జలాశయాలు పెట్టుకుని సముద్రం చేప ఇంత చవగ్గా, ఇంత ఎక్కువగా ఎలా దొరుకుతోంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. తినొచ్చా అన్నది కూడా చెప్పండి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

కాపర్‌బెల్ట్_సుబ్బు
స్వాగతం రాజు గారూ. మీరు చూసింది నమీబియా చేప. హార్స్ మాకెరెల్ అంటారు, ఇక్కడ జనం నోట్లో ఉత్త మాకెరెల్. మన కానాగంత అనుకుని కొనకండి, అది వేరు, ఇది పార చేపల కుటుంబం. నమీబియా తీరం వెంట అట్లాంటిక్‌లో పెద్ద ట్రాలర్లతో పడతారు, చాలావరకు ఓడ మీదే చేపని చేపలా గడ్డకట్టించి అట్టపెట్టెల్లో సర్దేస్తారు. వాల్విస్ బే రేవులో దించి, అక్కడినుంచి రీఫర్ లారీల్లో, అంటే చలిమిషను ఉన్న లారీల్లో, ఇటు పంపుతారు. జాంబియాకీ, ఇంకా పైన కాంగోకీ.

చవక ఎందుకంటారా, నమీబియా జనాభా 2023 లెక్కల్లో 30 లక్షలు, అంతే. వాళ్లకి పడే చేప వాళ్లు తినగలిగినదానికి ఎన్నో రెట్లు. అందులో హేక్ అనే తెల్లమాంసం చేప ఖరీదైంది, అది స్పెయిన్ వైపు పోతుంది. హార్స్ మాకెరెల్ ముదురు మాంసం, ముళ్లు, వాసన ఎక్కువ, యూరప్ వాళ్లు అంత డబ్బు పెట్టి కొనరు. ఇక్కడ 2022 జనగణన ప్రకారం 1 కోటి 96 లక్షల మంది ఉన్నారు, న్షిమాలోకి, అంటే ఇక్కడి మొక్కజొన్న పిండి ముద్దలోకి, నంజుకోడానికి ఏదో ఒకటి కావాలి. రెండు దేశాలూ సాడ్క్ అనే ఆఫ్రికా దక్షిణ ప్రాంత దేశాల కూటమిలో ఉన్నాయి, 2008 నుంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది, సుంకం బాధ పెద్దగా లేదు. అలా ఈ వ్యాపారం స్థిరపడింది.

రీఫర్_శీను
ఈ రూటు మీద లారీలు నడిపించే పనిలో ఉన్నాను కాబట్టి దారి సంగతి నేను చెప్తా. వాల్విస్ బే నుంచి లుసాకా రెండువేల కిలోమీటర్ల పైమాటే, కిట్వేకి ఇంకో మూడొందల యాభై వేసుకోండి. ఎడారిలోంచి బయల్దేరి ఓట్జివరోంగో, గ్రూట్‌ఫాంటైన్, రుండు, ఆ తర్వాత సన్నటి పొడుగాటి కప్రీవీ పట్టీ, చివర కాటిమా ములిలో. అక్కడ జాంబెజీ దాటితే సెషెకే, ఇక జాంబియా. దాటడానికి 2004 దాకా పంటే గతి, ఆ ఏడు 900 మీటర్ల వంతెన తెరిచారు. గడ్డకట్టిన సరుకుని పంటు దగ్గర ఎండలో లైన్లో నిలబెట్టడం అంటే ఏమిటో ఆ రోజుల్లో నడిపిన డ్రైవర్లని అడగండి, ఇప్పటికీ ఆ టెన్షన్ చెప్తారు.

బ్వాబ్వాటా పార్కులోంచి రోడ్డు పోతుంది, రాత్రిపూట ఏనుగులు అడ్డం వస్తాయి, అందుకని అనుభవం ఉన్నవాళ్లు చీకటి పడకముందే దాటేస్తారు. సెషెకే నుంచి లివింగ్‌స్టన్ రోడ్డు గోతులమయం అయిపోయిన ఏళ్లలో రెండువందల కిలోమీటర్లకి రోజంతా పట్టేది. ఇన్ని గంటలూ వెనక కంటైనర్ చలిమిషను డీజిల్ తాగుతూనే ఉండాలి. లోపల మైనస్ 18 ఉండాలి, గ్రాఫు కాగితం మీద గీత పైకి లేచిందంటే కొనేవాడు పెట్టెలు దించనివ్వడు. దిగుమతి పర్మిట్‌లో, ఆరోగ్య ధ్రువపత్రంలో ఒక అంకె తేడా వచ్చినా బోర్డర్‌లో లారీ ఆగిపోతుంది, మిషను ఆగకూడదు. చేప ధరలో ఈ డీజిల్ ఎంతుందో తినేవాళ్లకి కనపడదు.

ఎన్డోలా_లక్ష్మి
శీను అన్నా, బాగా చెప్పారు. వంటింటి వైపు నేను చెప్తాను.

రాజు గారూ, ఈ చేపకి పక్కల వెంట, తల దగ్గర్నుంచి తోక దాకా గట్టి పలకల్లాంటి పొలుసు గీత ఉంటుంది. తోక దగ్గర మరీ గరుకు, వేలికి గుచ్చుకుంటుంది. కత్తిని తోకవైపు పెట్టి పైకి లాగుతూ ఆ గీతని చర్మంతో సహా తీసేయాలి, మామూలు పొలుసు గీకినట్టు గీకితే రాదు. పూర్తిగా కరగక ముందే, కాస్త గట్టిగా ఉన్నప్పుడే తీస్తే సులువు. చింతపండు పులుసుకి బాగానే తట్టుకుంటుంది, ముక్క చెదరదు, కాకపోతే కారం, మెంతిపొడి కాస్త ముందుంచాలి, దీని వాసన కానాగంత కన్నా ఘాటు.

ఇక్కడివాళ్లు నూనెలో ఎర్రగా వేయించి, తర్వాత టమాటా, ఉల్లిపాయ వేసి చారులా ఉడికిస్తారు. మా ఇంటి పక్క కాంపౌండ్‌లో (పేదల బస్తీని ఇక్కడ అలా అంటారు) ఒక చేపని మూడు ముక్కలు చేసి ఇంటిల్లిపాదీ న్షిమాతో తింటారు, తల కూడా వదలరు. మార్కెట్లో ఆడవాళ్లు పెట్టె మొత్తం అప్పు మీద తెచ్చుకుని, ఒక్కో చేప లెక్కన అమ్ముతారు. కిలో కొనలేనివాళ్లు ఒక చేప కొనగలరు, ఒక చేప కొనలేనివాళ్లకి వేయించిన ముక్క అమ్మేవాళ్లూ ఉన్నారు. కోడి అలా ముక్కల్లెక్కన పేదవాడి దగ్గరికి రాదు, మేక అసలే రాదు. నాకు ఈ చేప మీద గౌరవం అందుకే.

నీటిగట్టు
నాకు మాత్రం ఈ మొత్తం వ్యవహారం బాధగా ఉంటుంది. ఇన్ని నదులు, ఇన్ని సరస్సులు ఉన్న దేశం రెండువేల కిలోమీటర్ల అవతల నుంచి డాలర్లు పోసి చేప తెప్పించుకోవడం ఏమిటి? ఆ డబ్బు లుఆపులా నది జాలర్లకి పెడితే ఇక్కడే పండదా? మాకెరెల్ వచ్చాక సొంత చేపల మీద శ్రద్ధ తగ్గిపోయింది, అదీ నా అభిప్రాయం.

కాపర్‌బెల్ట్_సుబ్బు
నీటిగట్టు గారూ, బాధ అర్థమవుతుంది గానీ లెక్క కుదరదు. జాంబియా సరస్సులు, నదుల్లో పట్టే చేప చాలా ఏళ్లపాటు సుమారు 70 నుంచి 80 వేల టన్నుల దగ్గరే తచ్చాడింది. జనం మాత్రం 1990తో పోలిస్తే రెండింతలు దాటారు. నీళ్లు పెరగలేదు, వలలు పెరిగాయి. దోమతెరలతో పిల్లచేపల్ని కూడా లాగేస్తున్నారు. అందుకే ఏటా డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా గుడ్లు పెట్టే కాలంలో చాలా చోట్ల చేపల వేట నిషేధం. ఆ మూడు నెలలూ మార్కెట్లో తాజా బ్రీమ్ (ఇక్కడి తిలాపియా జాతి చేప) కరువు, దొరికినా ధర మండిపోతుంది. సరిగ్గా అప్పుడే ఈ ఫ్రీజర్ల ముందు క్యూ కడతారు. సముద్రం చేప లేకపోతే ఆ మూడు నెలలు నిషేధం నిలబడదు, దొంగచాటు వేట ఇంకా పెరుగుతుంది. సరస్సుకి మాకెరెల్ పోటీ అంటున్నారు మీరు, నాకు అది సరస్సుకి దొరికిన ఊపిరిలా కనపడుతుంది.

ఇంకో సంగతి. గనులు మొదలైన రోజుల్లో కాపర్‌బెల్ట్ అనే ఈ రాగి గనుల ప్రాంతంలో కార్మికుల తిండికి, అటు కాంగో గనులకి కూడా మ్వేరు, లుఆపులా చేపే పోయింది, ఎండబెట్టి, పొగబెట్టి. ఆ సరస్సు మీద గనుల ఆకలి బరువు ఇవాళ్టిది కాదు.

సియావొంగా_రమణ
నేను కరీబా ఒడ్డున పంజరాల్లో తిలాపియా పెంచే పనిలో ఉన్నాను, మాది భీమవరం దగ్గర. ఇక్కడ ఒక మాట విడదీసి చెప్పాలి.

ముందు కరీబా. ఆ డ్యాము 1959లో అయింది, అది మనుషులు చేసిన జలాశయం. మధ్యలో లోతు నీళ్లలో బతికే చేప లేదని 1967, 68ల్లో టాంగన్యీకా నుంచి కపెంటా తెచ్చి వదిలారు. మన నెత్తళ్లంత ఉంటుంది. రాత్రిపూట తెప్పల మీద లైట్లు పెట్టి, వెలుతురికి మూగినప్పుడు గుండ్రటి వల ఎత్తుతారు. అది బ్రహ్మాండంగా పెరిగింది, జాంబియా, జింబాబ్వే రెండు దేశాల్లో ఎండు కపెంటా ఇంటింటి వస్తువైంది. తర్వాత తెప్పలు లెక్కకి మించి పెరిగి ఒక్కో తెప్పకి పడేది తగ్గింది. ఇంత మంచి చేపని కూడా మనం అలా చేసుకున్నాం.

ఇక దిగుమతులు. హార్స్ మాకెరెల్‌తో నాకు తగాదా లేదు. అది కొనేవాళ్లు, నా తిలాపియా కొనేవాళ్లు వేరు. మమ్మల్ని దెబ్బ కొట్టేది చైనా నుంచి గడ్డకట్టి వచ్చే తిలాపియా. అదే చేప, అదే పరిమాణం, మా మేత ఖర్చు కన్నా తక్కువ రేటు. దిగుమతి ఆపమని రైతులు అడిగేటప్పుడు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. మాకెరెల్ ఆపితే ఆ జనం వచ్చి నా చేప కొనరు, కొనలేరు. ఉత్త ఆకుకూరతో న్షిమా తింటారు, అంతే.

నీటిగట్టు
రమణ గారూ, ఈ తేడా నేను ఆలోచించలేదు, బాగా చెప్పారు. కానీ మరో ప్రశ్న. నమీబియా చేప ఎల్లకాలం ఉంటుందని భరోసా ఏమిటి? ఒక దేశం తిండి ఇంకో దేశం పెట్టే చేపల వేట కోటా మీద ఆధారపడితే ఎలా?

వాల్విస్_గాలి
నేను ఉండేది వాల్విస్ బేలో. ఈ ప్రశ్నకి ఇక్కడి కథే జవాబు, కాస్త పొడుగ్గా రాస్తాను.

ఈ తీరంలో చేప అంత ఉండడానికి కారణం బెంగ్వేలా ప్రవాహం. ఆగ్నేయం నుంచి వీచే గాలి పైనీటిని తీరం నుంచి అవతలికి తోస్తే, అడుగునుంచి చల్లటి నీళ్లు ఎరువుతో పైకి లేస్తాయి. ఒడ్డున చూస్తే చుక్క నీరు లేని నమీబ్ ఎడారి, పది మైళ్లు లోపలికి వెళ్తే ప్రపంచంలోనే సారవంతమైన నీళ్లు. ఒకప్పుడు ఇక్కడ సార్డీన్ రాజ్యం. 1968లో ఒక్క ఏడాదిలో దాదాపు 14 లక్షల టన్నులు పట్టారు. ఆ తర్వాత అది కూలింది, మళ్లీ లేవలేదు. ఆ ఖాళీలో జెల్లీఫిష్ విపరీతంగా పెరిగింది, హార్స్ మాకెరెల్ మిగిలింది. 2018లో నమీబియా సార్డీన్ వేటనే ఆపేయాల్సి వచ్చింది, పట్టడానికి చేప లేక.

1990లో స్వాతంత్ర్యం వచ్చేదాకా ఈ నీళ్లలో సోవియట్ ఓడలు, స్పెయిన్ ఓడలు, ఎవరికి దొరికినంత వాళ్లు పట్టుకుపోయారు. 1990లో 200 మైళ్ల ఆర్థిక మండలం ప్రకటించి, కోటాలు పెట్టి, నమీబియా దీన్ని దారిలో పెట్టింది. వాల్విస్ బే రేవు అయితే 1994 మార్చి 1న గానీ దక్షిణాఫ్రికా నుంచి వాళ్ల చేతికి రాలేదు. హార్స్ మాకెరెల్ కోటా గత పదేళ్లలో చాలాసార్లు 3 లక్షల టన్నులకి అటూ ఇటూ ఉంది, బరువు లెక్కన ఇక్కడ అన్నిటికన్నా పెద్ద వేట ఇదే.

ఆ కోటాల చుట్టూ ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. 2019 నవంబర్‌లో వికీలీక్స్ పత్రాలు బయటపెట్టింది. హార్స్ మాకెరెల్ కోటాల కోసం ఐస్‌లాండ్ కంపెనీ సామ్‌హెర్జీ వైపు నుంచి లంచాలు చేతులు మారాయని ఆరోపణ. మత్స్యశాఖ మంత్రి, న్యాయశాఖ మంత్రి రాజీనామా చేశారు, అరెస్టయ్యారు. కంపెనీ లంచాలివ్వలేదని అంటోంది. దీన్ని ఫిష్‌రాట్ కేసు అంటారు. కోటాలు చేతులు మారాక ఇక్కడ చాలామంది జాలర్లకి ఓడ మీద పని పోయింది, వాళ్లు రోడ్డెక్కి ధర్నాలు చేశారు. కిట్వేలో మూడు ముక్కలు చేసుకుని తినే చేప వెనక ఈ పోరాటం ఉంది. సరిగ్గా చూసుకుంటే ఎల్లకాలం ఉంటుంది, ఆ చూసుకోవడమే ఎప్పుడూ సమస్య.

కాపర్‌బెల్ట్_సుబ్బు
గొప్పగా రాశారండీ. ధర గురించి ఒక్క మాట కలుపుతా. నమీబియా డాలరు విలువ దక్షిణాఫ్రికా రాండ్‌తో సమానంగా కట్టేసి ఉంటుంది. జాంబియా కరెన్సీ క్వాచా పడినప్పుడల్లా ఫ్రీజర్ మీద ధర మారుతుంది. 2015లో రాగి ధర పడి క్వాచా సగానికి దగ్గరగా పడిపోయిన ఏడు అందరికీ గుర్తుండే ఉంటుంది. కాపర్‌బెల్ట్‌లో గనుల్లోంచి మనుషుల్ని తీసేశారు, అదే సమయంలో చేప ధర పెరిగింది. రాగి పడితే రెండు వైపులా దెబ్బే.

కొత్తవలస_రాజు
ఇంత సమాచారం ఊహించలేదు, అందరికీ ధన్యవాదాలు. రెండు ప్రశ్నలు మిగిలాయి. చేప పాడవకుండా ఫార్మాలిన్ అనే రసాయనం కలుపుతారని ఆఫీసులో ఒకాయన అంటున్నాడు, నిజమా? రెండోది, కరెంటు పోయినప్పుడు ఈ ఫ్రీజర్ల పరిస్థితి ఏంటి?

ల్యాబ్_శైలజ
ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను, అందుకని నేను చెప్పొచ్చు. ఓడ మీదే మైనస్‌లో గడ్డకట్టించిన చేపకి ఫార్మాలిన్‌తో అవసరం లేదు, చలి ఆ పని చేస్తుంది. ఫార్మాలిన్ అనుమానం ఎక్కువగా వచ్చేది ఐసులో పెట్టి తాజాగా అమ్మే చేపల విషయంలో. 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపని పది రోజులు ఆపింది గుర్తుందా, అది అలాంటిదే. ఎవరో అన్నారని మాకెరెల్ మానేయొద్దు.

కరెంటు సంగతి మాత్రం సీరియస్. 2024లో ఎంత కరువు వచ్చిందో చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి 29న అధ్యక్షుడు జాతీయ విపత్తు ప్రకటించారు, మొక్కజొన్న వేసిన 22 లక్షల హెక్టార్లలో దాదాపు 10 లక్షలు ఎండిపోయింది. ఈ దేశం కరెంటులో ఎనభై శాతం పైన నీటినుంచే. కరీబా అడుగంటింది, కొన్ని చోట్ల రోజుకి మూడు గంటలు వస్తే గొప్ప. పంట పోయి జనానికి చవక చేప ఎక్కువ కావాల్సిన ఏడే దాన్ని చల్లగా ఉంచే దారి లేకుండా పోయింది.

ఈ జాతి చేపలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప వెచ్చబడితే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి తయారైతే మళ్లీ గడ్డకట్టించినా పోదు, ఎంత వేయించినా పోదు. తిన్న గంటలోపే మొహం ఎర్రబడటం, దురద, తలనొప్పి, ఒక్కోసారి వాంతులు. పిల్లలకి వస్తే అలర్జీ అనుకుని పొరబడతారు.

కొనేటప్పుడు చూడాల్సింది ఇదీ. చేపలు విడివిడిగా, నిటారుగా ఉన్నాయా, లేక ఒకదాని కింద ఒకటి నొక్కుకుని వంకరగా గడ్డకట్టాయా? పెట్టె అడుగున ఎర్రటి నీరు గడ్డకట్టి ఉందా? పొట్ట పగిలిందా? ఇవి ఉంటే అది కరిగి మళ్లీ గట్టిపడిన సరుకు, తీసుకోకండి. పొద్దున్నే పెట్టె తెరిచేటప్పుడు కొనడం మంచిది. ఇంటికి తెచ్చి కరిగించాక మళ్లీ ఫ్రీజర్లో పెట్టొద్దు, వండేయండి.

ఎన్డోలా_లక్ష్మి
శైలజ గారూ, ఆ ఏడు మార్కెట్లో ఆడవాళ్ల అవస్థ కళ్లారా చూశాను. కరెంటు పోయిందంటే ఫ్రీజర్ మీద దుప్పట్లు, గోనెసంచులు కప్పి, మూత ఎవర్నీ ఎత్తనిచ్చేవాళ్లు కాదు, కొనడానికి వచ్చినవాళ్లు ఏ చేప కావాలో ముందే చెప్తే ఒక్కసారి తెరిచి అందరివీ తీసిచ్చేవాళ్లు. సాయంత్రానికి మెత్తబడుతుందనిపిస్తే అప్పటికప్పుడు బొగ్గుల కుంపటి పెట్టి వేయించి ముక్కలు అమ్మేసేవాళ్లు, అసలు కన్నా తక్కువకి. పెట్టె అప్పు మాత్రం పూర్తిగా కట్టాలి. ఒకావిడ అలా వరసగా నష్టపోయి చివరికి చేప మానేసి ఎండు కపెంటాకి మారిపోయింది, దానికి కరెంటు అక్కర్లేదు కదా.

పోషణ_మాధవి
పిల్లల ఆరోగ్యం మీద పనిచేస్తాను, ఈ చర్చలో ఆ కోణం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. 2018 జాతీయ సర్వే ప్రకారం జాంబియాలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు. రోజూ కడుపునిండా న్షిమా తిన్నా ఎదగరు, మొక్కజొన్న పిండిలో పిల్లల ఎదుగుదలకి కావాల్సినవి చాలవు. ఆరు నెలలు దాటిన బిడ్డ గంజిలో ఇంత చేప మెదిపి వేస్తే చాలా తేడా వస్తుంది. హార్స్ మాకెరెల్‌లో మాంసకృత్తులతో పాటు మెదడుకి అవసరమైన ఒమేగా కొవ్వులున్నాయి, కపెంటా అయితే ముళ్లతో సహా తింటారు కాబట్టి కాల్షియం కూడా. నేను తల్లులకి రెండూ చెప్తాను. డబ్బుంటే మాకెరెల్ ముక్క, ముళ్లు జాగ్రత్తగా ఏరి. లేనప్పుడు ఎండు కపెంటా దంచి పొడి చేసి గంజిలో రెండు చెంచాలు.

సమస్య ఏంటంటే ఒక చేప మూడు ముక్కలైనప్పుడు పెద్ద ముక్క ఇంటి పెద్దకి వెళ్తుంది, పిల్లలకి చారు మిగులుతుంది. ఇది రోడ్లు వేసినా, కోటాలు మార్చినా తీరేది కాదు, ఇంట్లో మాట్లాడాల్సింది. చేప ఇంటిదాకా వచ్చాక కూడా బిడ్డ నోటిదాకా రాకపోవడం నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది.

నీటిగట్టు
మాధవి గారు రాసింది చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. లారీల్లో రెండువేల కిలోమీటర్లు చలి కాపాడగలుగుతున్నారు, రేవులో కాపాడుతున్నారు, చివరి వంద గజాల్లో, ఆ ఆడవాళ్ల ఫ్రీజర్ దగ్గర పోతోంది. నష్టమంతా వాళ్ల నెత్తిన పడుతోంది. దిగుమతిదారులే మార్కెట్లో సోలార్ శీతల గది ఒకటి కట్టి అద్దెకివ్వచ్చు కదా? ఒక్కొక్కరూ ఒక్కో ఫ్రీజర్ నడిపే ఖర్చు కన్నా తక్కువే అవుతుంది.

రీఫర్_శీను
అవుతుంది. పాత రీఫర్ కంటైనర్ ఒకటి ఇన్సులేషన్ బాగున్నది చూసి కొనుక్కుని, పైన ప్యానెల్స్ పెట్టి, పగలంతా మైనస్ 25కి దింపేస్తే రాత్రికి లోపలి సరుకే చలిని పట్టి ఉంచుతుంది, తలుపు తీయకుండా ఉంటే. బ్యాటరీ ఖర్చు చాలా తగ్గుతుంది. తలుపు ఎన్నిసార్లు తీస్తారన్నదే మొత్తం లెక్క, కాబట్టి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి టైము పెట్టుకోవాలి, లక్ష్మి గారు చెప్పిన ఆడవాళ్లు ఆ క్రమశిక్షణ ఇప్పటికే పాటిస్తున్నారు. లక్ష్మి గారూ, మీ మార్కెట్లో ఎంతమంది మాకెరెల్ అమ్ముతారు, రోజుకి ఒక్కొక్కరికి ఎన్ని పెట్టెలు పోతాయి, కనుక్కుని రాయగలరా? దాన్ని బట్టి ఎంత కంటైనర్, ఎన్ని ప్యానెల్స్ అనేది నేను లెక్క వేసి పెడతాను.

ఎన్డోలా_లక్ష్మి
తప్పకుండా అన్నా. శనివారం వెళ్తాను, ఆ రోజు అందరూ ఉంటారు. అప్పు ఎవరి దగ్గర తెస్తున్నారు, పెట్టెకి ఎంత మిగులుతోంది అన్నది కూడా అడుగుతాను, అద్దె అంతలోనే సర్దాలి కదా.